‘బూడిద చెరిసగం’: ఒక తప్పు శీర్షిక నుంచి యాషెస్ అనే మాట మూలం దాకా, డెస్క్ నుంచి ఒక కేస్ స్టడీ

2023 జులై 31, సోమవారం రాత్రి. లండన్‌లోని ఓవల్ మైదానంలో, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడే యాషెస్ సిరీస్‌లో ఐదో టెస్టు ఆఖరి రోజు. ఆస్ట్రేలియా లక్ష్యం 384. టీ తర్వాత వికెట్లు టపటపా పడ్డాయి. చివరి వికెట్ స్టువర్ట్ బ్రాడ్ తీశాడు, అదే అతని కెరీర్‌లో ఆఖరి బంతి. ఆస్ట్రేలియా 334కి ఆలౌట్, ఇంగ్లండ్ 49 పరుగులతో గెలిచింది. సిరీస్ 2-2.

నేను ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆ రాత్రి పేజీ నా చేతిలో ఉంది. మొదటి ఎడిషన్ వెళ్లిపోయింది, రెండోదానికి టైం దగ్గర పడుతోంది. ఐటెం రాసిన ట్రైనీ కుర్రాడు శీర్షిక కూడా పెట్టి పంపాడు: ‘బూడిద చెరిసగం’. ఇంగ్లిషులో యాషెస్ అంటే బూడిద కదా, సిరీస్ సమమైంది కదా. నాలుగు కాలమ్‌లలో చక్కగా ఇమిడింది. చదవగానే కళ్లకు కడుతోంది. మార్చకుండా వదిలేశాను. పక్కనే ‘యాషెస్ అంటే?’ అని చిన్న బాక్సు. అది పాత ఫైల్లోంచి తీసి పెట్టిందే. ఏళ్ల తరబడి ప్రతి యాషెస్‌కూ వాడుతున్నాం. దాన్నీ మళ్లీ చదవలేదు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి డెస్క్ ల్యాండ్‌లైన్ మోగింది. రాజమండ్రి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు.

“బాబూ, ఆటల పేజీ చూసేది మీరేనా?”

“నేనేనండీ, చెప్పండి మాస్టారూ.”

“మా ఇంటికి కోటిలింగాల రేవు దగ్గరే. రోజూ పొద్దున్నే ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు, కుండలో అస్థికలు పట్టుకుని. ఇవాళ మీ పేపర్లో బూడిద చెరిసగం అని చూశాను. అస్థికలను ఎవరైనా చెరిసగం చేసుకుంటారా నాయనా?”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అది సరదాగా పెట్టిన శీర్షిక అనీ, అసలు పేరు యాషెస్ అనీ. ఆయన పూర్తిగా విన్నారు. తర్వాత ఇంకో మాట అడిగారు. “సరే, సమానం అయిందన్నారు కదా. మరి కింద ట్రోఫీ ఆస్ట్రేలియాకే అని రాశారే? ఈ రెండూ ఎలా కుదురుతాయి?”

ఫోన్ పెట్టేశాక పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ప్రశ్నలు రెండూ ఒకే చోట తగిలాయి. ఆ మాట ఎక్కడ పుట్టిందో, దేని గురించో తెలియకుండానే దాన్ని ఏళ్లుగా వాడుతున్నాం. తప్పు కుర్రాడిది కాదు. ఆమోదించింది నేను. బాక్సు రాసి పెట్టుకున్నది మా డెస్క్. ఆ వారమంతా ఖాళీ దొరికినప్పుడల్లా ఈ పని మీదే కూర్చున్నాను. కుర్రాడినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. మేం కనుక్కున్నదీ, మార్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. వేరే డెస్కుల వాళ్లకు, తెలుగులో క్రికెట్ రాసేవాళ్లందరికీ పనికొస్తుందని.

మా బాక్సులో ఉన్నది

ముందు మేం అచ్చేస్తూ వచ్చిన బాక్సు సంగతి. దాని సారాంశం ఇది: 1882లో ఓవల్‌లో ఇంగ్లండ్ ఓడిపోయింది, కోపంతో అభిమానులు బెయిల్స్ (వికెట్ల మీద పెట్టే చిన్న చెక్కముక్కలు) తగలబెట్టారు, ఆ బూడిదను ఓ పాత్రలో పోసి ఆస్ట్రేలియాకు పంపారు, అప్పటినుంచి గెలిచిన జట్టుకు ఆ పాత్రే ట్రోఫీగా ఇస్తున్నారు. నాలుగు వాక్యాలు. మొదటిది తప్ప మిగతా మూడూ తప్పే. ఓవల్‌లో ఎవరూ ఏదీ తగలబెట్టలేదు. అక్కణ్నుంచి ఏ పాత్రా ఆస్ట్రేలియాకు వెళ్లలేదు. ఆ పాత్ర ఏనాడూ గెలిచిన జట్టుకిచ్చే ట్రోఫీ కాదు.

ఇలాంటి కథలు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకోవడం వల్ల గట్టిపడిపోతాయి. మా బాక్సు మేం ఎక్కడినుంచి ఎత్తామో ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు. కానీ పొరపాటు ఎలా జరిగిందో మాత్రం స్పష్టంగా కనిపించింది. యాషెస్ కథలో బూడిద రెండు చోట్ల వస్తుంది. ఒకటి లండన్‌లో, కాగితం మీద, మాటల్లో మాత్రమే. రెండోది కొన్ని నెలల తర్వాత మెల్‌బోర్న్ దగ్గర, ఒక చిన్న పాత్రలో, నిజంగానే. ఈ రెంటినీ కలిపి ఒకే బూడిద చేసేశాం.

మొదటి బూడిద

1882 ఆగస్టు 28, 29. ఓవల్. అంతకు ముందు ఆస్ట్రేలియా ఇంగ్లండ్ గడ్డ మీద ఆడిన టెస్టు ఒక్కటే, 1880లో ఇదే మైదానంలో. అందులో ఇంగ్లండ్ గెలిచింది. 1882లోనూ గెలుస్తుందనే అందరూ అనుకున్నారు. మొదటి ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 63కే కూలింది. ఇంగ్లండ్ 101. ఆధిక్యం 38. రెండో ఇన్నింగ్స్‌లో హ్యూ మాసీ ధాటిగా 55 కొట్టాడు కాబట్టి ఆస్ట్రేలియా 122 దాకా వచ్చింది. ఇంగ్లండ్‌కు కావాల్సింది 85.

ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో ఒక రనౌట్ జరిగింది. పరుగు పూర్తయిందనుకుని కుర్ర బ్యాటర్ శామీ జోన్స్ క్రీజు దాటి పిచ్ మీద గుంట సరిచేయడానికి వెళ్లాడు. బంతి చేతిలో ఉన్న ఇంగ్లండ్ ఆటగాడు డబ్ల్యూ.జి.గ్రేస్ వికెట్లు పడగొట్టాడు. రూల్ ప్రకారం ఔటే. కానీ ఆస్ట్రేలియా డ్రెస్సింగ్ రూమ్ భగ్గుమంది. అందరికంటే ఎక్కువగా మండిపోయింది ఫాస్ట్ బౌలర్ ఫ్రెడ్ స్పోఫోర్త్. ‘ఇది చేయగలిగిన పనే’ అని జట్టుతో అన్నాడని చెబుతారు.

51 పరుగులకు ఇంగ్లండ్ రెండే వికెట్లు పోగొట్టుకుంది. గ్రేస్ క్రీజులో ఉన్నాడు. ఇంకా 34 కొడితే చాలు. అక్కడినుంచి పతనం మొదలైంది. 32 కొట్టి గ్రేస్ వెళ్లిపోయాడు. ఆపైన పరుగులు రావడమే ఆగిపోయింది, మెయిడెన్ మీద మెయిడెన్. ఆ ఏడాది ఆస్ట్రేలియన్ల మీద సెంచరీలు కొట్టిన సి.టి.స్టడ్‌ను కెప్టెన్ హార్న్‌బీ చివరి వరకూ దాచిపెట్టాడు. స్టడ్ వచ్చాడు గానీ రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి కూడా ఆడలేకపోయాడు. అవతలి ఎండ్‌లో ఆఖరి బ్యాటర్ టెడ్ పీట్ బోయల్ బౌలింగ్‌లో బ్యాట్ ఊపి బౌల్డయ్యాడు. 77 ఆలౌట్. ఏడు పరుగుల తేడాతో ఓటమి. స్పోఫోర్త్‌కు మ్యాచ్‌లో 90 పరుగులకు 14 వికెట్లు, రెండు ఇన్నింగ్స్‌లలోనూ ఏడేసి. ఆ టెన్షన్‌లో ఒక ప్రేక్షకుడు స్టేడియంలోనే ప్రాణాలు వదిలాడు.

స్కోరు కార్డు కుర్రాడికి చదివి వినిపిస్తుంటే, “సార్, ఇది రాత్రి మనం పెట్టే లైవ్ కామెంటరీలా ఉంది” అన్నాడు. నిజమే. ఈ మ్యాచ్ అలా జరిగి ఉండకపోతే ఆ మాట పుట్టేది కాదు. సునాయాసంగా గెలవాల్సిన ఆటను, సొంత మైదానంలో, ఏడు పరుగుల తేడాతో పోగొట్టుకున్నారు. ఇంట్లో మనిషి పోయినంత దుఃఖం ఊరందరికీ తెలిసింది. సంతాప ప్రకటన రాయాలన్న ఆలోచన అందులోంచే వచ్చింది.

నిజానికి సంతాప ప్రకటనలు రెండు వచ్చాయి. మొదటిది ఆగస్టు 31న ఒక క్రికెట్ వారపత్రికలో. దాని సంపాదకుడు సి.డబ్ల్యూ.ఆల్కాక్. క్రికెట్ రంగంలో ఇంగ్లండ్ ఆధిపత్యం ఓవల్‌లో అసువులు బాసిందని రాసి, చివర ఆఖరి బ్యాటర్ పీట్ పేరు మీద శ్లేష వేశారు. ఇంగ్లిషులో ‘పీట్’, శాంతి అనే అర్థమున్న ‘పీస్’ చెవికి దగ్గరగా వినిపిస్తాయి. దాన్ని తెలుగులోకి తేవడానికి ఒక పూట ప్రయత్నించి వదిలేశాను.

రెండోది సెప్టెంబర్ 2, శనివారం, ‘స్పోర్టింగ్ టైమ్స్’లో. గులాబీ రంగు కాగితం మీద వచ్చే పత్రిక అది. రాసింది రెజినాల్డ్ షిర్లీ బ్రూక్స్ అనే జర్నలిస్టు. మొదటి ప్రకటనను జనం మరిచిపోయారు, ఇది మిగిలింది. కారణం దాని చివర అతికించిన ‘గమనిక’.

దాన్ని తెలుగు చేయడంలో మా డెస్క్‌కి ఒక సౌకర్యం ఉంది. మన పేపర్లలో శ్రద్ధాంజలి ప్రకటనలు రోజూ వస్తాయి. నల్లని గీత బాక్సు, పైన ఫోటో, కింద ‘శోకతప్త హృదయాలతో’ అని కుటుంబ సభ్యుల పేర్లు, అడుగున దశదినకర్మ ఎక్కడో. వాటి భాష ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉంటుంది. ఆ ఒరవడిలోనే రాశాను:

“ఇంగ్లిష్ క్రికెట్ ప్రేమపూర్వక స్మృత్యర్థము. 1882 ఆగస్టు 29న ఓవల్ నందు మరణించినది. శోకతప్త మిత్రులు, పరిచయస్తులు ఎందరో మిక్కిలి చింతించుచున్నారు. ఆత్మకు శాంతి కలుగుగాక. గమనిక: భౌతికకాయమునకు దహన సంస్కారము జరిపి, అస్థికలను ఆస్ట్రేలియాకు తీసుకొనిపోవుదురు.”

మొదటి డ్రాఫ్టులో చేయి అలవాటు కొద్దీ ‘బంధుమిత్రులు’ అని రాశాను. మళ్లీ చూసుకుంటే మూలంలో బంధువులు లేరు, మిత్రులూ పరిచయస్తులే. మార్చాను. చిన్న విషయమే అనిపించవచ్చు. కానీ ఇలా మనకు అలవాటైన మాట తెలియకుండా వచ్చి కూర్చోబట్టే ఆ పాత బాక్సు అలా తయారైంది.

ఇప్పుడు అసలు విషయం. ‘దహన సంస్కారం’ అన్నది మనకు మామూలు మాట. మన ఇళ్లలో చాలామందిని కాష్ఠం మీదే సాగనంపుతాం. ఆ గమనిక మనం చదివితే అందులో వింత ఏమీ కనిపించదు. 1882 ఇంగ్లండ్‌లో అది అలా కాదు. అక్కడ పాతిపెట్టడమే ఆచారం. శవాన్ని కాల్చడం చట్టబద్ధమో కాదో కూడా తేలలేదు. 1874లో సర్ హెన్రీ థామ్సన్ అనే సర్జన్ దహనాన్ని ప్రచారం చేయడానికి ఒక సొసైటీ పెట్టాడు. వోకింగ్‌లో దహనశాల కట్టి, 1879లో గుర్రం కళేబరం మీద పరీక్షించారు కూడా. ప్రభుత్వం అడ్డుపడటంతో ఏళ్ల తరబడి అక్కడ ఒక్క మనిషినీ దహనం చేయలేదు. 1884లో కార్డిఫ్ కోర్టు దహనం నేరం కాదని తేల్చింది. 1885 మార్చిలో గానీ వోకింగ్‌లో మొదటి దహనం జరగలేదు.

థామ్సన్ బృందం 1874లో విడుదల చేసిన ప్రకటనపై సంతకాలు చేసినవాళ్లలో షిర్లీ బ్రూక్స్ ఒకరు. ‘పంచ్’ పత్రిక సంపాదకుడు. మన రెజినాల్డ్‌కు కన్నతండ్రి. అంటే కొడుకు ఆ గమనిక రాసేనాటికి దహనం ఊరంతా వాదించుకుంటున్న విషయం, వాళ్ల ఇంటి విషయం కూడా. ఆ ఒక్క వాక్యంలో ఓటమి ఉంది, దహనం మీద నడుస్తున్న చర్చ ఉంది. చరిత్ర రాసినవాళ్లు ఈ సంగతి చెబుతూనే ఉన్నారు. మనం క్రికెట్ పేజీ కోసం కథను కుదించేటప్పుడు దీన్నే ముందు కోసేస్తున్నాం. ఇది పోతే ఆ మాటకు వేరు ఉండదు, ‘బూడిద’ అన్న పైమాట ఒక్కటే మిగులుతుంది.

మాస్టారు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. తెలుగులో ‘బూడిద’ అంటే పనికిరానిది. బూడిదలో పోసిన పన్నీరు అంటాం. చివరికి బూడిదే మిగిలింది అంటాం. బ్రూక్స్ రాసింది ఆ బూడిద కాదు, చితి ఆరాక ఏరి కుండలో పెట్టుకునేది. మనవాళ్లు గోదావరికో కృష్ణకో కాశీకో భద్రంగా పట్టుకెళ్లేది. దానికి మన దగ్గర అస్థికలు, చితాభస్మం అని వేరే మాటలున్నాయి. కచ్చితంగా చూస్తే అస్థికలంటే ఎముకలే. అయినా ‘అస్థికల నిమజ్జనం’ అన్నప్పుడు మన పేపర్లూ మన జనమూ రెంటినీ కలిపే చెబుతారు. ఇంగ్లిషులో రెంటికీ ఒకటే మాట. మనకు రెండున్నాయి కాబట్టి మనం ఎంచుకోవాలి. మేం ఎంచుకోకుండా తేలిగ్గా దొరికినదాన్ని పెట్టేశాం.

రెండో బూడిద

ఆ ఏడాదే ఇంగ్లండ్ జట్టు ఆస్ట్రేలియా బయల్దేరింది. కెప్టెన్ ఐవో బ్లై, ఒక జమీందారీ కుటుంబం అబ్బాయి. బ్రూక్స్ మాటను పట్టుకుని, ఆ అస్థికలను తిరిగి తీసుకురావడానికే వచ్చానని ఆస్ట్రేలియాలో చెప్పాడు. దారిలో వాళ్ల ‘పెషావర్’ ఓడ కొలంబో దాటాక ఇంకో ఓడను ఢీకొట్టింది, ఫాస్ట్ బౌలర్ మోర్లీ పక్కటెముక విరిగింది. ఈ కథ మన తీరానికి దగ్గరగా వచ్చింది ఆ ఒక్కసారే.

అదే ఓడలో సర్ విలియం క్లార్క్ దంపతులు ప్రయాణించారు. మెల్‌బోర్న్ దగ్గర సన్‌బరీలో వాళ్లకు రూపర్ట్స్‌వుడ్ అనే పెద్ద ఎస్టేటు ఉంది. క్రిస్మస్‌కు జట్టును అక్కడికి పిలిచారు. అతిథులూ ఎస్టేటు మనుషులూ కలిసి సరదా మ్యాచ్ ఆడారు. బ్లై చేతికి ఒక చిన్న మట్టి పాత్ర ఇచ్చింది ఆ ఇంటి ఆడవాళ్లే. ఆ క్రిస్మస్‌కే ఇచ్చారని ఒక కథనం, టెస్టుల్లో గెలిచాక ఇచ్చారని ఇంకొకటి. లోపల ఉన్నది కాల్చిన బెయిల్ బూడిద అని ఎక్కువమంది చెప్పేది. తలమీద వేసుకునే మేలిముసుగు బూడిద అని బ్లై కోడలు వృద్ధాప్యంలో, 1998లో చెప్పింది.

ఆ పాత్ర ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు. మన హోటల్లో టీ గ్లాసు కంటే కాస్త పొడవు. పైన చిన్న మూత, రెండు పక్కలా చెవుల్లా పిడులు, పొట్ట మీద అతికించిన కాగితం చీటీలు. ఒక చీటీ మీద మెల్‌బోర్న్ పత్రికలో 1883 ఫిబ్రవరిలో అచ్చయిన పాట ముక్క ఉంది. ఐవో ఈ కలశంతో తిరిగి వెళ్తాడనీ, జట్టులోని స్టడ్‌లూ స్టీలూ రీడూ టైల్‌కోటూ వెంట వస్తారనీ అందులో ఉంటుంది. ఫోటో పెద్దది చేసి కుర్రాడికి చూపించాను. “ఇంత చిన్నదా సార్?” అన్నాడు. ఇన్నాళ్లూ అతని మనసులో ఉన్నది వరల్డ్ కప్ అంత సైజు. మా పేజీలో ఎప్పుడూ ఆ పాత్రను కెప్టెన్ల మధ్య పెద్దగా గ్రాఫిక్‌లో వేస్తాం. అతను అలా అనుకోవడంలో మా చేయి ఉంది.

బ్లై జట్టు మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఓడి, తర్వాత మెల్‌బోర్న్‌లోనూ సిడ్నీలోనూ గెలిచింది. 2-1. అస్థికలు దక్కినట్టే లెక్క వేసుకున్నారు. తర్వాత అదనంగా ఆడిన నాలుగో మ్యాచ్‌లో ఆస్ట్రేలియా గెలిచినా దాన్ని ఈ లెక్కలో కలపలేదు. పాత్ర బ్లైకి వ్యక్తిగతంగా వచ్చిన కానుక. అతనితోనే ఇంగ్లండ్ వెళ్లింది, ఇంట్లోనే ఉంది. 1927లో అతను పోయాకే లార్డ్స్ మైదానం నడిపే ఎంసీసీకి చేరింది. ఇప్పటికీ లార్డ్స్ మ్యూజియంలోనే ఉంటుంది. యాషెస్ ఆస్ట్రేలియా చేతిలో ఉన్న ఏళ్లలో కూడా అక్కడే. 1988లో, మళ్లీ 2006-07లో ఆస్ట్రేలియా వెళ్లింది, ప్రదర్శన కోసం. కెప్టెన్లు మైదానంలో ఎత్తి చూపించేది వేరే. 1998-99 నుంచి ఇస్తున్న క్రిస్టల్ ట్రోఫీ ఒకటుంది, దాని ఆకారం ఈ పాత్రదే. మొదట అందుకున్నది ఆస్ట్రేలియా కెప్టెన్ మార్క్ టేలర్.

ఇంకో సంగతి మాకు కొత్తగా తెలిసింది. బ్లై టూర్ తర్వాత ఈ మాట దాదాపు ఇరవై ఏళ్లు నిద్రపోయింది. 1903-04లో ఇంగ్లండ్ కెప్టెన్‌గా వెళ్లిన పెల్హామ్ వార్నర్ అస్థికలు తిరిగి తెస్తానని మళ్లీ అన్నాడు, సిరీస్ గెలిచాడు, ఆ మాటనే పేరులో పెట్టి పుస్తకం వేశాడు. యాషెస్ జనం నోట్లో స్థిరపడింది అక్కడినుంచి. అంటే పేరు ముందు, పాత్ర తర్వాత. వాడుక ఇంకా తర్వాత. మా బాక్సు దీన్ని తలకిందులు చేసింది. పాత్ర నుంచి పేరు వచ్చిందని చెప్పింది.

మాస్టారి రెండో ప్రశ్న

సిరీస్ సమం, యాషెస్ మాత్రం ఆస్ట్రేలియాది. ఇవి ఎలా కుదురుతాయి? గమనిక మళ్లీ చదివితే జవాబు అందులోనే ఉంది. అస్థికలు ఆస్ట్రేలియాకు తీసుకుపోతారు అన్నారు. అవి ఒకరి దగ్గర ఉంటాయి, రెండోవాళ్లు వెళ్లి గెలిచి తెచ్చుకోవాలి. గెలవకపోతే అవి కదలవు. 2-2 అయితే ఎవరూ గెలవలేదు కాబట్టి ఉన్నచోటే ఉంటాయి. 2021-22లో 4-0తో గెలిచిన ఆస్ట్రేలియా దగ్గరే ఉన్నాయి, 2023లో కదల్లేదు. ఇంకా చెప్పాలంటే మాంచెస్టర్‌లో నాలుగో టెస్టు వానకు డ్రా అయిన రోజే, జులై 23నే ఆ విషయం తేలిపోయింది. ఓవల్‌లో మిగిలింది సిరీస్ ఫలితం మాత్రమే. చెరిసగం అనడానికి అసలు వీల్లేదు.

దీన్నిబట్టి మా పనికి కావాల్సింది మూడు క్రియలు అని తేలింది. చేతిలో లేనిదాన్ని గెలిస్తే ‘తిరిగి దక్కించుకుంది’. 2005లో ఇంగ్లండ్ 2-1తో గెలిచినప్పుడు అదే మాట, ఎందుకంటే 1989 నుంచి యాషెస్ ఆస్ట్రేలియా దగ్గరే ఉంది. సిరీస్ సమమై ఉన్నచోటే ఉంటే ‘నిలబెట్టుకుంది’. 2019, 2023 రెండూ అవే. చేతిలో ఉన్నవాళ్లే సిరీస్ కూడా గెలిస్తే ‘సిరీస్ గెలిచి నిలబెట్టుకుంది’ అని రెండూ రాయాలి. ఇన్నేళ్లూ మా పేజీలో మూడు సందర్భాలకూ ‘కైవసం’ అనే ఒకే మాట పడుతోంది. శీర్షికలో బాగా ఇముడుతుందని వాడేస్తాం. పాఠకుడికి మాత్రం ఎవరి దగ్గర ఏముందో తెలియదు.

ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడే ప్రతి టెస్టూ యాషెస్ కాదన్నది కూడా ఈ పనిలోనే రాసుకున్నాం. వాళ్ల మధ్య మొదటి టెస్టు 1877లో, మాట పుట్టడానికి ఐదేళ్ల ముందు. 1977లో మెల్‌బోర్న్‌లో శతాబ్ది టెస్టు ఆడారు, ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది. 1877 మొదటి టెస్టులోనూ తేడా సరిగ్గా 45 పరుగులే. 1979-80లో ఆస్ట్రేలియాలో మూడు టెస్టులు ఆడారు. ఈ రెండు సందర్భాల్లోనూ యాషెస్ పణంగా లేదు. మహిళల యాషెస్‌కు మాత్రం నిజంగానే సొంత బూడిద ఉంది. 1998లో లార్డ్స్‌లో రెండు జట్లూ సంతకాలు చేసిన బ్యాట్‌ను కాల్చి, ఆ బూడిదను చెక్క బంతిలో పెట్టారు. 2013 నుంచి టెస్టు, వన్డే, టీ20 కలిపి పాయింట్ల లెక్కన ఆడుతున్నారు.

ఏం మార్చాం

పాత బాక్సు ఫైల్లోంచి తీసేశాం. పేరు ‘యాషెస్’ అలాగే ఉంచాం, అనువదించలేదు. నూరేళ్లు దాటిన పేరు, తెలుగు పాఠకుడికీ అలవాటైపోయింది. ఆస్ట్రేలియాలో సిరీస్ అయితే డిసెంబర్ చలిలో తెల్లారి ఐదింటికి లేచి మెల్‌బోర్న్ టెస్టు చూసేవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది, వాళ్లకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. విప్పి చెప్పాల్సిన చోట, అంటే సంతాప ప్రకటన గురించి రాసేటప్పుడు, ‘అస్థికలు’. పాత్రలో ఉన్నదాని గురించి రాసేటప్పుడు ‘బూడిద’. అది కాల్చిన చెక్కో గుడ్డో కాబట్టి అక్కడ బూడిదే సరైన మాట. పాత్రను ‘కలశం’ అంటాం, కప్పు అనం, ట్రోఫీ అనం. ట్రోఫీ అంటే క్రిస్టల్‌దే. శీర్షికల్లో ‘బూడిద పోరు’, ‘బూడిద కోసం’ లాంటివి మానేశాం.

ఈ చివరి నిర్ణయం మీద డెస్క్‌లో వాదన జరిగింది. శీర్షికకు చమత్కారం కావాలి, బ్రూక్స్ కూడా చమత్కారంగానే రాశాడు కదా అని ఒక సీనియర్ అన్నారు. ఆ మాటలో బలం ఉంది. కానీ బ్రూక్స్ ఒక చావును ముందు పెట్టుకుని రాశాడు. మేం ఒక పనికిరాని వస్తువును ముందు పెట్టుకుని రాస్తున్నాం. రోజూ రేవులో ఆ కుండలు చూసే మనిషికి ఆ తేడా మొదటి చూపులోనే తెలిసింది. శీర్షిక నలుగురికీ తెలిసే మాటతో రాయాలంటే, ఆ మాట నలుగురి ఇళ్లలో ఎలా ఉందో చూసుకోవాలి కదా అని వాదించాను. చివరికి ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం పేజీలో సవరణ వేశాం. కొత్త బాక్సు కుర్రాడే రాశాడు. ఓవల్, ఏడు పరుగులు, గమనిక, దహనం మీద చర్చ, బ్లై, కలశం, మూడు క్రియలు, అన్నీ చిన్న బాక్సులో ఇమిడ్చాడు. నేను మార్చినవి రెండే మాటలు.

సోమవారం మాస్టారు మళ్లీ ఫోన్ చేశారు. చదివాననీ, బాగుందనీ చెప్పారు. చెప్పి ఆగలేదు.

“ఆ కుర్రాడు కలశం బ్లై ఇంట్లో నలభై ఏళ్లకు పైగా ఉందని రాశాడు. ఆయన పోయాక క్లబ్బుకు చేరిందని రాశాడు. చేర్చింది ఎవరు నాయనా? దానంతటది నడిచి వెళ్లదు కదా.”

ఫోన్ స్పీకర్‌లో ఉంది, కుర్రాడు విన్నాడు. గబగబా నోట్సు తిరగేశాడు. రూపర్ట్స్‌వుడ్‌లో ఆ క్రిస్మస్‌కు ఉన్న ఆడవాళ్లలో ఒకామె ఫ్లోరెన్స్ మోర్ఫీ, క్లార్క్‌ల ఇంట్లో సంగీతం టీచర్. 1884 ఫిబ్రవరిలో ఐవో బ్లై ఆమెను సన్‌బరీలోనే పెళ్లి చేసుకున్నాడు. ఆ మట్టి కలశం బ్లై ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె ఆ ఇంటి ఇల్లాలు. 1927లో భర్త పోయాక ఎంసీసీకి ఇచ్చింది ఆమే.

“రాయండి మరి” అన్నారు మాస్టారు.

కుర్రాడు అప్పటికే ఫైల్ తెరిచి ఆమె పేరు టైప్ చేస్తున్నాడు.